బీటెక్ అయ్యాక ఎల్‌ఎల్‌బీ: డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఉండే ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సంగతి మాత్రం ఇక్కడ చెప్తున్నాను.

ఆమెకు 28 ఏళ్ళు. బీసీ-బి. 2018లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద బీటెక్ ఈసీఈ పూర్తి చేశారు. హైటెక్ సిటీలో అమెరికా వాళ్ళ ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే కంపెనీలో రాత్రి షిఫ్టు, చేతికి 32 వేలు వస్తుంది. నాన్నగారిది చిన్న టైలరింగ్ షాపు. రెడీమేడ్ బట్టలొచ్చాక దాని మీద ఇల్లు గడిచే రోజులు పోయాయి. తమ్ముడు డిగ్రీ రెండో ఏడు. ఊరి చివర కొన్న 150 గజాల ప్లాటు మీద ఎవరో అడ్డం తిరిగితే ఐదేళ్ళుగా ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో కేసు నడుస్తోంది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయని వాయిదాలకు నాన్నతో ఈమే వెళ్తున్నారు. వెళ్ళీ వెళ్ళీ ఆ పనే నచ్చేసింది. "రాత్రంతా ఎవరిదో క్లెయిము రిజెక్టు చేసి, పొద్దున కోర్టు వరండాలో నిలబడితే అక్కడే బతికున్నట్టు అనిపిస్తుంది" అని రాశారు. వాళ్ళ ప్లీడరు గారు కూడా ఒకరోజు "నువ్వే లా చదవరాదూ అమ్మా" అన్నారట.

ఇక డబ్బు. జీతంలో 15 వేలు ఇంట్లో ఇస్తారు, 10 వేలు చీటీకి, 4 వేలు క్రెడిట్ కార్డు బాకీకి. మిగిలేది 3 వేలు. చీటీ రెండు లక్షలది, ఇరవై నెలలు, ఏడు కట్టారు. కనుక్కున్న రెండు లా కాలేజీల్లో ఒకదాని ఫీజు ఏడాదికి 28 వేలు, ఇంకోదానిది 45 వేలు. బ్యాంకులో పెళ్ళికని దాచిన 6 లక్షల ఎఫ్‌డీ ఉంది, అమ్మకు తెలియకుండా అది తీసేద్దామని నాన్న అంటున్నారు. అమ్మేమో "ఇంకా ఎన్ని డిగ్రీలే" అంటోంది.

ఈలోగా ఒక కన్సల్టెన్సీ ఏజెంటు తగిలాడు. బీటెక్ సంగతి ఎత్తొద్దు, ఇంటర్ మెమో చూపించి ఐదేళ్ళ ఎల్‌ఎల్‌బీలో చేరు, మళ్ళీ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, హాజరు నేను మేనేజ్ చేస్తా, అన్నిటికీ 25 వేలు అన్నాడు. ఈమె 5 వేలు అడ్వాన్సు ఇచ్చారు. ఆధార్ జిరాక్సు, ఇంటర్ ఒరిజినల్ మెమో కూడా అతని దగ్గరే ఉన్నాయని ఉత్తరం చివర, ఏదో మామూలు విషయంలా ఒక్క లైనులో రాశారు.

ఆమె అడిగేది ఇదీ: రెండో డిగ్రీకి స్కాలర్‌షిప్పు ఎవరైనా ఇస్తారా, లోను వస్తుందా, చీటీ పాడేయనా, లేక ఏజెంటు చెప్పినట్టు చేసేయనా?

---

మీ ఉత్తరం చదివాక నేను మొదట చేసిన పని కాగితం మీద లెక్క వేయడం. డిగ్రీ అయ్యాక చేసే ఎల్‌ఎల్‌బీ మూడేళ్ళు, 28 వేల కాలేజీ అయితే మొత్తం 84 వేలు. 45 వేల కాలేజీ అయితే 1,35,000. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, నల్ల కోటు అన్నీ కలిపి ఇంకో ముప్పై వేలు వేసుకుందాం. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద మీకు ప్రయాణం ఉచితం, పుస్తకాలు కోఠిలో సగం ధరకు దొరుకుతాయి. ఇప్పుడు రెండో లెక్క చూడండి. ఉద్యోగం మానేస్తే నెలకు 32 వేలు, 36 నెలలు, 11 లక్షల 52 వేలు. మీరు నాలుగు పేజీలూ ఫీజు గురించే రాశారు. ఫీజు ఇందులో పదో వంతు. మిమ్మల్ని ఆపుతున్నది ఇంట్లో నెలనెలా ఇచ్చే ఆ 15 వేలు, దాన్ని ఏ స్కాలర్‌షిప్పూ పూడ్చదు, బ్యాంకు వాళ్ళు ఇచ్చే చదువు లోనూ పూడ్చదు. ఇది ముందే అనుకుంటే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

అయినా అడిగారు కాబట్టి స్కాలర్‌షిప్పు సంగతి చూద్దాం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల నిబంధన ఎప్పటినుంచో ఉంది: ఒక స్థాయి చదువు పాసై మళ్ళీ అదే స్థాయిలో ఇంకో సబ్జెక్టు చదివితే ఇవ్వరు, బీఏ తర్వాత బీకాం చదివినట్టు. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ అలాంటిది కాదని, డిగ్రీ ఉన్నవాళ్ళే చేరే కోర్సు కదా అని మీరు వాదించొచ్చు, వాదనలో పస కూడా ఉంది. కానీ మీ విషయంలో అంతదాకా వెళ్ళక్కర్లేదు. బీసీలకు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో ఆదాయ పరిమితి పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర. మీ ఒక్కరి జీతమే 3 లక్షల 84 వేలు. అక్కడికి ఆ తలుపు మూసుకుంది. ఉద్యోగం మానేశాక ఆదాయం తగ్గుతుంది కదా, అప్పుడు నిజాయితీగానే సర్టిఫికెట్ వస్తుంది కదా అంటారేమో. రావచ్చు. వచ్చినా అది కన్వీనర్ సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్‌కి ఉండదు, 75 శాతం హాజరు చూపించాలి. పైగా మన దగ్గర రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ళ తరబడి నిలిచిపోవడం, ప్రభుత్వం ఇచ్చేదాకా మీరే కట్టండని కాలేజీలు సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం కొత్తేమీ కాదు, మీ తమ్ముడిని అడిగినా చెప్తాడు. అందుకని వస్తే సంతోషం, మీ లెక్కలో మాత్రం దాన్ని సున్నా అని వేసుకోండి.

ఏజెంటు చెప్పినదానికి వస్తాను, ఎందుకంటే అతను చేసింది చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళ కోర్సులో అయితే కనీసం వాదించడానికి చోటుంది. అతను మిమ్మల్ని అక్కడి నుంచి తీసి, నిబంధన ఎక్కడ నేరుగా అడ్డం పడుతుందో అక్కడ పడేస్తున్నాడు. ఐదేళ్ళ ఎల్‌ఎల్‌బీ ఇంటర్ తర్వాతి కోర్సు, మీ బీటెక్ కూడా ఇంటర్ తర్వాతి కోర్సే, అదే స్థాయిలో రెండోసారి అంటే అచ్చంగా ఇదే. బీటెక్ సంగతి దాస్తాం అంటాడు. ఎలా దాస్తాడు? ఈపాస్‌లో దరఖాస్తు మొదలయ్యేదే టెన్త్ హాల్‌టికెట్ నంబరుతో, ఆధార్‌తో. మీకు నాలుగేళ్ళు డబ్బు ఇచ్చిన రికార్డు అదే నంబరు మీద ఉంది. టెన్త్ రెండోసారి రాయలేరు కదా.

అదీ పక్కన పెట్టండి. మీరు చేరాలనుకుంటున్నది లాయరు వృత్తిలో. అడ్వకేట్స్ చట్టం 1961లో సెక్షన్ 26 అని ఒకటుంది, ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి లాయర్ల జాబితా అయిన రోల్‌లో పేరు ఎక్కించుకున్నారని తేలితే ఆ పేరు తీసేసే అధికారం లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఇస్తుంది. మీరు దాచింది అంత ముఖ్యమైనదా కాదా అన్నది పదేళ్ళ తర్వాత ఎవరో వాదిస్తారు, కానీ మీ మీద ఎవరికైనా కోపం వచ్చిన రోజున ఆ కాగితం బయటికొస్తుంది, ఎదుటి పార్టీ వాళ్ళకు అంతకంటే ఏం కావాలి. ఇంకోటి, ఐదేళ్ళంటే మూడేళ్ళ మీద ఇంకో రెండేళ్ళ జీతం, అంటే 7 లక్షల 68 వేలు ఎక్కువ పోతుంది. 84 వేల ఫీజు మిగుల్చుకోవడానికి! ఆ మనిషి మీకు లాభం చూపిస్తున్నాడని మీరెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు, బహుశా రాత్రి షిఫ్టు అయ్యాక మధ్యాహ్నం నిద్రమత్తులో మాట్లాడి ఉంటారు.

హాజరు మేనేజ్ చేస్తానన్న మాట విడిగా చెప్పాలి. లా కోర్సుకి బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 70 శాతం హాజరు కావాలి. ఒకప్పుడు హైదరాబాదులో సాయంత్రం కాలేజీలని, ఉద్యోగస్థుల బ్యాచులని బాగా నడిచాయి, పరీక్షలప్పుడు మాత్రమే కాలేజీ మొహం చూసినవాళ్ళు నాకు తెలిసే ఇద్దరు ముగ్గురున్నారు. ఆ రోజులు పోతున్నాయి. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలంది. విద్యార్థి చదువుతూ ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేస్తున్నారా, ఉద్యోగం చేస్తున్నారా అన్నది డిక్లరేషన్ ఇవ్వాలంది. ఉద్యోగం ఉంటే పనిచేసే చోటి నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ (ఎన్‌ఓసీ) తేవాలి. కాబట్టి మీరు ఏ దారిన వెళ్ళినా హెచ్‌ఆర్‌కి చెప్పకుండా కుదరదు.

ఇప్పుడు లోను. వస్తుంది. రెండో డిగ్రీ కాబట్టి ఇవ్వం అనే నియమం బ్యాంకుల మోడల్ ఎడ్యుకేషన్ లోను పథకంలో లేదు. కానీ బ్రాంచి మేనేజరు అడుగుతారు, పదకొండేళ్ళ నాటి ఇంటర్, ఏడేళ్ళ నాటి బీటెక్, మధ్యలో ఉద్యోగం, మళ్ళీ ఇదెందుకు అని. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి, కోర్టు వరండా మాట కాకుండా, ఇన్సూరెన్స్ క్లెయిముల్లో ఇన్నేళ్ళ అనుభవం ఉంది, లా తోడైతే ఈ పని చేస్తాను అని చెప్పగలగాలి. 4 లక్షల లోపు అయితే తాకట్టు అడగరు, మీ వాటా కూడా కట్టక్కర్లేదు, నాన్నగారు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. మామూలుగా కోర్సు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టొచ్చు.

ఉదాహరణకి ఏడాదికి 40 వేల చొప్పున 1,20,000 తీసుకున్నారు, వడ్డీ 10 శాతం అనుకుందాం. కోర్సు, ఆ పై ఏడాది మొత్తం ఏమీ కట్టకపోతే వడ్డీ 36 వేలు చేరి 1,56,000 అవుతుంది, ఐదేళ్ళలో తీర్చాలంటే నెలకు 3,300 చిల్లర. అలా కాకుండా చదివేటప్పుడే వడ్డీ వరకు కడుతూ పోతే మొదటి ఏడు నెలకు 330, రెండో ఏడు 670, మూడో ఏడు వెయ్యి. అలా కట్టేవాళ్ళకు చాలా బ్యాంకులు ఒక శాతం వడ్డీ తగ్గిస్తాయి కూడా. ఈ డబ్బు మీరు ఒక ఆదివారం ట్యూషన్ చెప్పి సంపాదించగలరు. ఫీజుకి భయపడొద్దు అన్నది అందుకే.

కేంద్రం వడ్డీ రాయితీల గురించి కూడా అక్కడా ఇక్కడా చదివి ఉంటారు. పాత వడ్డీ రాయితీ పథకం ఒక మనిషికి ఒక్కసారే, అదీ మొదటి డిగ్రీకో పీజీకో. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి అయితే కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్ళకు 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీ తగ్గిస్తుంది, కాకపోతే జాతీయ ర్యాంకుల్ని బట్టి ఎంపిక చేసిన సంస్థల్లో, మెరిట్ మీద సీటు వచ్చినవాళ్ళకే. లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని ఉస్మానియా వాళ్ళ సొంత లా కాలేజీలో సీటు సంపాదిస్తే అప్పుడు ఆ జాబితా తీసి చూడండి, ఫీజు కూడా ప్రైవేటు కంటే తక్కువ. అంటే మీకు దొరికే అసలు స్కాలర్‌షిప్పు మీ లాసెట్ ర్యాంకే. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, గరిష్ఠ వయసు లేదు. ఇక చదువు లోను వడ్డీకి 80ఈ కింద ఆదాయపు పన్ను మినహాయింపు అని ఎవరో చెప్పారని రాశారు, మీ జీతానికి పన్నే పడదు, ఆ ఊసు వదిలేయండి.

ట్రస్టులు, కుల సంఘాల సాయం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కాచిగూడ, నారాయణగూడ చుట్టూ సంఘాల హాస్టళ్ళు, ట్రస్టులు ఉన్నాయి, కొన్ని పై చదువులకు అంతో ఇంతో ఇస్తాయి. మీ సంఘం వాళ్ళను అడగండి, సిగ్గుపడకండి. ఐదు వేలు వచ్చినా ఒక సెమిస్టరు పుస్తకాలు.

చీటీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇప్పుడు పాడితే ఎంతొస్తుంది? ముప్పై వేలు తగ్గించి పాడారనుకుందాం, చేతికి 1,70,000 వస్తుంది. పెద్ద మొత్తమే అనిపిస్తుంది. కానీ ఇంకా పదమూడు నెలలు, నెలకు 10 వేలు కట్టాలి, డివిడెండు పోను కాస్త తగ్గినా సుమారు 1,30,000. ఉద్యోగం మానేసి ఉంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? ఆ 1,70,000 లోంచే. అంటే చీటీ పాడి, ఆ డబ్బుతోనే చీటీ కట్టి, చివరికి మీకు మిగిలేది నలభై వేలు చిల్లర. దానికోసం కంపెనీ వాళ్ళకు జామీను తేవాలి, ఆ జామీను ఇచ్చే మేనమామ గారికో బాబాయి గారికో జీవితాంతం తల వంచుకోవాలి. అదే చివరి దాకా ఆగితే కమిషన్ 10 వేలు పోను 1,90,000. ఎవరికీ ఏమీ బాకీ ఉండదు.

ఎఫ్‌డీ గురించి నాన్నగారి మంచితనం అర్థమైంది. అమ్మకు తెలియకుండా అన్న ముక్క ఒక్కటే నచ్చలేదు. ఆ డబ్బులో ఆమె చేతి గాజులు కూడా ఉండి ఉంటాయి. నిజంగా అవసరం పడితే ఎఫ్‌డీ తీసేయక్కర్లేదు, దాని మీదే బ్యాంకు లోను ఇస్తుంది, 90 శాతం దాకా, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకి. ఎఫ్‌డీ అలాగే ఉంటుంది. అమ్మగారితో మాట్లాడేటప్పుడు ఈ మాట ముందు చెప్పండి, "తీసేస్తాం" అనే మాటకీ "అలాగే ఉంటుంది" అనే మాటకీ ఇంట్లో చాలా తేడా ఉంటుంది.

సరే, ఇప్పుడు దారులు. ఈ ఏడే చేరిపోయి, కంపెనీ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, రాత్రి ఉద్యోగం పగలు కాలేజీ అని మీరు రాసిన ప్లాను ఉంది. డబ్బు లెక్కలో అది అన్నిటికంటే బాగుంటుంది, ఇల్లు నడుస్తుంది, చీటీ నడుస్తుంది. కానీ మీరే రాశారు, క్యాబ్ దింపేసరికి నాలుగున్నర అవుతుందని. పదింటికి కాలేజీ. రోజుకు నాలుగు గంటల నిద్రతో మూడేళ్ళా? ఒక సెమిస్టరు లాగుతారు, రెండోది లాగుతారు, ఆ తర్వాత శరీరమైనా మొరాయిస్తుంది, క్లాసులో కూర్చుని నిద్రైనా పోతారు. పైగా ఈ కోర్సులో పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అది పగటి పని, కోర్టుల్లో, లాయరు ఆఫీసుల్లో. చేసినవాళ్ళు లేరని కాదు. చేసినవాళ్ళలో ఎక్కువమందికి ఇంట్లో వండిపెట్టే మనిషి ఉండేవాళ్ళు, లేదా పగటి ఉద్యోగంలో తలుపు వేసుకుని చదువుకునే గది ఉండేది. ఈ దారే పట్టేట్టయితే ముందు పగటి షిఫ్టుకో, తక్కువ గంటల పనికో మారగలరేమో అడిగి చూడండి, ఎలాగూ ఎన్‌ఓసీ కోసం హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్తున్నారు, చదువుకి సాయం చేసే పాలసీ ఏదైనా ఉందా అని కూడా అప్పుడే అడగండి. ఉంటే దాంతో పాటు బాండు ఉంటుంది, అదీ చదివి సంతకం పెట్టండి.

ఇంకో దారి, ఒక ఏడాది ఆగడం. మీకు ఈ మాట నచ్చదని తెలుసు, 28 దాటితే 29 అంటారు. కానీ పదమూడు నెలల్లో ఏమవుతుందో చూడండి. చీటీ ముగుస్తుంది, 1,90,000 చేతికొస్తుంది. నెలకు 4 వేలు కడుతున్న కార్డు బాకీ తీరిపోతుంది, దాని మీద పడే వడ్డీ ఏ చదువు లోను కంటే కూడా చాలా ఎక్కువ, అది ముందు తీరడం అవసరం, లోను ఇచ్చే బ్యాంకు మీ సిబిల్ (అప్పులు తీర్చిన చరిత్ర) చూసేటప్పుడు కూడా పనికొస్తుంది. తమ్ముడి డిగ్రీ చివరికొస్తుంది. ఫీజుకి లోను, ఇంటికిచ్చే 15 వేలకి చీటీ డబ్బు అనుకుంటే ఒక ఏడాది పైన గడుస్తుంది, అప్పటికి తమ్ముడు ఎంతో కొంత సంపాదించడం మొదలుపెట్టాలి, ఆ మాట వాడితో ఇప్పుడే అనండి, అప్పుడు కాదు. ఈ ఏడాదిలో లాసెట్‌కి కుదురుగా చదవొచ్చు. నష్టం ఏమిటంటే, ఈ ఏడాదిలో ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూడటం ఊపందుకుంటుంది. అది మీరు దాటాల్సిన వాయిదా, అందులో నా సలహా పనిచేయదు.

మూడోది మీరు ఆలోచించి ఉండరు. పేటెంట్ ఏజెంటు అని ఒక వృత్తి ఉంది, దానికి లా డిగ్రీ అక్కర్లేదు. సైన్సు, ఇంజినీరింగు, టెక్నాలజీల్లో ఏదో ఒక డిగ్రీ ఉండి, పేటెంట్ ఆఫీసు వాళ్ళు పెట్టే పరీక్ష పాసైతే చాలు. ఇందులో మీ ఈసీఈ డిగ్రీయే ప్రవేశ టికెట్టు, బీఏ చేసిన లాయర్లకి ఈ అర్హత లేదు. పరీక్ష ప్రతి ఏడూ తప్పకుండా జరగదు, నోటిఫికేషన్ మీద ఓ కన్నేసి ఉంచాలి. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళు దూరవిద్యలో పేటెంట్ చట్టం మీద పీజీ డిప్లొమా నడుపుతారు, ఉద్యోగం మానకుండా చదవొచ్చు. కానీ ఒకటి చెప్పాలి, ఇది వాయిదాలు, వాదనలు ఉండే పని కాదు, కంప్యూటరు ముందు కూర్చుని కాగితాలు రాసే పని. మీకు నచ్చింది కోర్టు వరండా అయితే ఇది దాని బదులు కాదు. కాకపోతే ఆగే ఏడాదిలో దీనికీ చదివి, ఆ తర్వాత ఎల్‌ఎల్‌బీ కూడా చేస్తే, రెండూ ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకరు లేరు.

మీ లెక్కలో కనపడని ఇంకో ఖర్చు, కోర్సు అయ్యాకది. బార్‌లో నమోదు ఫీజు గురించి భయపడ్డారు, వేలకు వేలు అడుగుతారని. 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పేసింది, చట్టంలో ఉన్నదాని కంటే ఎక్కువ వసూలు చేయకూడదని. మీకు 750 రూపాయలు. అది చిన్న సంగతి. పెద్ద సంగతి, సీనియర్ దగ్గర చేరాక మొదటి రెండు మూడేళ్ళు చేతికి వచ్చేది చాలా తక్కువ. పట్టణాల్లో జూనియర్లకు నెలకు 20 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆ ఏడాదే అక్టోబరులో సలహా ఇచ్చింది, సలహా మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాళ్ళు లేరు. బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం టీ ఖర్చు ఇచ్చే సీనియర్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని మూడేళ్ళు కాదు, ఐదేళ్ళు అనుకుని లెక్క వేసుకోండి. బీసీ సంక్షేమ శాఖ వాళ్ళది ఒక పథకం ఉంది, లా పట్టభద్రులకు న్యాయపాలనలో మూడేళ్ళ శిక్షణ, ప్రభుత్వ ప్లీడరు దగ్గర పెడతారు, నెలనెలా కొంత స్టైపెండు ఇస్తారు. జిల్లాలవారీగా నోటిఫికేషన్ వస్తుంది, వయసు, ఆదాయం పరిమితులు ఉంటాయి. డబ్బు ఎక్కువేమీ కాదు గానీ ప్రభుత్వ ప్లీడరు దగ్గర మూడేళ్ళంటే పని బాగా వస్తుంది. రీయింబర్స్‌మెంట్ కోసం తిరిగే బదులు, ఆ ఓపిక దీనికి దాచుకోండి.

నన్నడిగితే, ఆగే ఏడాది నాకు నచ్చింది. కానీ మీ పగటి షిఫ్టు విషయం తేలితే ఈ ఏడే చేరడం కూడా తప్పని అనను, ఆ ఒక్క అడుగు హెచ్‌ఆర్ దగ్గర పడాలి, ఇంకెవరి దగ్గరా కాదు. వచ్చే వాయిదాకి వెళ్ళినప్పుడు మీ ప్లీడరు గారిని కూడా ఒకమాట అడగండి, మొదటి ఏడాది ఆయన ఎలా బతికారో. ఆయన చెప్పేది మీకు పనికొస్తుంది, "నువ్వే చదవరాదూ" అన్నందుకు అంత మాత్రం చెప్పాల్సిన బాధ్యత ఆయనకుంది.

ఇవన్నీ తర్వాత. ముందు ఆ ఏజెంటు దగ్గరున్న ఇంటర్ ఒరిజినల్ మెమో తెచ్చుకోండి. రేపే వెళ్ళండి, ఒంటరిగా వద్దు, తమ్ముణ్ణి తీసుకెళ్ళండి. ఐదు వేలు తిరిగి ఇవ్వను అంటే గొడవ పడకండి, పోనివ్వండి. మెమో ఇవ్వను, మిగతా ఇరవై వేలు కడితేనే ఇస్తానంటే మాత్రం అక్కడే నిలబడి, పోలీసు స్టేషన్‌కి వెళ్తున్నానని చెప్పండి, చెప్పి నిజంగానే వెళ్ళండి. ఆధార్ జిరాక్సు మీద కూడా ఏదైనా సంతకం పెట్టి ఇచ్చారా? ఇచ్చి ఉంటే అదీ తెచ్చుకోండి, మీ పేరు మీద ఎక్కడైనా దరఖాస్తు పెట్టేశాడేమో ఈపాస్‌లో మీ టెన్త్ నంబరు కొట్టి చూసుకోండి.